పాముతల ట్రాంబోన్

బాలమ్మ మెట్లెక్కి వచ్చేసరికి వీరాస్వామి కిటికీ దగ్గర కూర్చుని అరటిపండు తింటున్నాడు. ఆవిడ ముఖం చూడగానే తినడం మానేశాడు. చెరకు తోటల దీవికి రేవుపట్నమైన పోర్ట్ లూయీలో బట్టల కొట్టు మీదున్న ఆ చిన్న గదికి నవ్వుతూ వచ్చేవాళ్ళెవరూ ఉండరు గానీ, ఇంత భయం మోసుకొచ్చిన మనిషిని అతను ఈ మధ్య చూడలేదు. చీర కొంగును చేతికి చుట్టీ చుట్టీ తాడు చేసేసింది.

"అప్పలస్వామి బాబుగారంటే..."

"నేనేనమ్మా. కూర్చో," అన్నాడు బల్ల వెనక మనిషి.

అప్పలస్వామి ఒకప్పుడు కోర్టులో దుబాసీ. తెలుగు కూలీల గోడు దీవిలో అందరూ మాట్లాడే క్రియోల్‌లోకీ, దొరల తీర్పులు తెలుగులోకీ మార్చి మార్చి విసిగిపోయి, ఆ ఉద్యోగానికి దణ్ణం పెట్టి సొంతంగా అపరాధ పరిశోధన మొదలుపెట్టాడు. అబద్ధం ఏ భాషలో చెప్పినా దాని యాస ఒకటేనని ఆయన నమ్మకం. వీరాస్వామి సాయంత్రాలు పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దిస్తాడు, పగలంతా ఆయన వెంట తిరుగుతాడు. గురువుగారు తుమ్మినా అందులో ఏదో సూక్ష్మం ఉందనుకునే రకం.

"మా ఆయన్ని పట్టుకుపోయినారు బాబూ. పాంప్లెమూస్ దొర సచ్చిపోతే, మా ఆయనే విషం ఎట్టినాడంటన్నారు. ఉరి తీసేస్తారంట."

"మీ ఆయన పేరేమిటమ్మా?"

బాలమ్మ తల దించుకుంది. "రాములోరి తమ్ముడి పేరు బాబూ."

"లక్ష్మణుడా?"

"కాదు బాబూ. తమ్ముడే గానీ ఆ పేరు కాదు."

అప్పలస్వామి వీరాస్వామి వైపు చూశాడు. ఇలాంటి అవకాశం వీరాస్వామికి ఏడాదికి ఒకసారి కూడా రాదు. "రామానుజం!" అని అరిచాడు. "అనుజుడంటే తమ్ముడు గురువుగారూ." బాలమ్మ అవునని తలూపింది. మెడకు ఉరితాడు పడబోతున్న మొగుడి పేరు కూడా నోటితో చెప్పలేకపోయిన ఆ ఇల్లాలి మీద వీరాస్వామికి చెప్పలేని జాలి కలిగింది.

మిగతా సంగతి ఆవిడ ఏడుస్తూనే చెప్పింది. రామానుజం పట్నంలో నాటకశాల బ్యాండులో ట్రాంబోన్, అంటే గొట్టం సాగదీస్తూ ఊదే ఇత్తడి బాకా, వాయిస్తాడు. పాంప్లెమూస్‌లో చెరకు తోటలున్న పియర్ దొర దగ్గర మూడు వింత ట్రాంబోన్లు ఉన్నాయి. వాటిని కొనడానికి రెయూనియన్ దీవి నుంచి జీన్ అనే వర్తకుడు వచ్చాడు. ఏది ఎంత బాగా పలుకుతుందో ఊది చూపించమని దొర రామానుజానికి కబురుపెట్టాడు. రామానుజం మూడూ ఊదాడు. ఆఖరుదాన్ని దొర తనే లాక్కుని ఊదాడు. కాసేపటికే నాలుక మొద్దుబారిందన్నాడు, పెదాలు తిమ్మిరెక్కాయన్నాడు, డాక్టరు వచ్చేలోగా ప్రాణం పోయింది. ఊదేటప్పుడు పెదాలకు ఆనించే చిన్న గిన్నెలాంటి ముక్క ఉంటుందే, మౌత్‌పీసు, దాని లోపల విషం పూసి ఉందట.

"మరి మీ ఆయన కూడా అదే ఊదాడు కదమ్మా?"

"సొంత మౌత్‌పీసు తగిలించుకుని ఊదినారు బాబూ. అందుకే పట్టుకున్నారు. విషం ఉందని ముందే తెలుసు గాబట్టే దాన్ని ముట్టుకోలేదంటన్నారు."

అప్పలస్వామి లేచి టోపీ అందుకున్నాడు. "ఉత్తరం రైలు దొరుకుతుందేమో చూద్దాం పద, వీరాస్వామీ."

*

పాంప్లెమూస్‌లో పియర్ దొర మేడ పొడవాటి వరండాతో, చెక్క పలకల కప్పుతో దర్జాగా ఉంది. ఇంగ్లీషు ఇన్‌స్పెక్టర్ వాళ్ళను సంగీతం హాల్లోకి తీసుకెళ్ళాడు. కోర్టు రోజుల నుంచీ అప్పలస్వామి మాటకు ఆయన దగ్గర కాస్త విలువ ఉంది. అయినా ఈసారి ముఖం మీదే నవ్వాడు.

"మీరు అనవసరంగా శ్రమపడ్డారు. ఇది చూడండి." చేతి రుమాలులోంచి వెండిపూత మౌత్‌పీసు తీసి చూపించాడు. "డాక్టరు విషం తుడిచి తీసుకున్నాక దీన్ని ఉడకబెట్టించాను. ఇది ఎందుకు వాడలేదని రామానుజాన్ని అడిగితే, మురికిగా ఉంది అన్నాడు. మురికి! ఆ పొద్దున్నే పనిమనిషి దీన్ని తోమి అద్దంలా పెట్టింది. ఇంట్లో అందరూ చూశారు. ఇంతకంటే పచ్చి అబద్ధం ఉంటుందా?"

అప్పలస్వామి బల్ల మీదున్న మూడు ట్రాంబోన్ల వైపు నడిచాడు. పక్కనే నిలబడ్డ వర్తకుడు జీన్ వాటిని సొంత పిల్లల్ని చూసుకున్నట్టు చూస్తున్నాడు. పొట్టివాడు, మాటకారి.

"ఇవి ఎలాంటివో కాస్త చెబుతారా, మిస్యే జీన్?"

జీన్‌కు అంతకంటే ఏం కావాలి! "ఈ మొదటిదాని గరాటు చూడండి, భుజం మీదుగా వెనక్కి తిరిగి ఉంటుంది. అమెరికాలో బ్యాండు ముందు నడిస్తే, వెనక వచ్చే సైనికులకు వినపడాలని ఇలా చేశారు. రామానుజం ఊదితే అతని వెనక కిటికీ అద్దాలు అదిరాయి, ఎదురుగా కూర్చున్న మాకు మాత్రం పక్కింట్లో పెళ్ళి జరుగుతున్నట్టు వినిపించింది. ఈ రెండోదానికి సాగదీసే గొట్టమే లేదు. ఆరు మీటలు, ప్రతి మీటకూ దాని గొట్టం దానిది. పారిస్ పనితనం. మోసేవాడికి నడుం విరుగుతుంది గానీ, పలికితే ఒక్క స్వరం కూడా అటూ ఇటూ జారదు. రామానుజం దాన్ని ఊదుతుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి."

"ఇక మూడోది?"

మూడోదాన్ని చూసి వీరాస్వామి అప్పటికే రెండడుగులు వెనక్కి వేశాడు. మామూలు ట్రాంబోన్‌కు గరాటు ఉండాల్సిన చోట దీనికి నోరు తెరిచిన రాక్షసిపాము తల ఉంది. ఎర్రరంగు వేసిన నోరు, కోరలు, లోపల రేకు నాలుక. ఊదితే ఆ నాలుక కదులుతుందట.

"ఇది అన్నిటికంటే పాతది," అన్నాడు జీన్. "ఫ్రాన్సులో ఊరేగింపుల కోసం చేసేవారు. చూపుకి పులే గానీ ఈ రకం గొంతు సహజంగానే కొంచెం మెత్తన. అయితే రామానుజం దీన్ని మరీ ఘోరంగా ఊదాడు. అతని మౌత్‌పీసు కాడ లావు, ఈ పాత గొట్టం సన్నం. సరిగ్గా దిగలేదు. పక్కనించి గాలి పోతోంది. దీని మౌత్‌పీసు ఇక్కడే పళ్ళెంలో ఉంది, అయినా ముట్టుకోలేదు. ఊదడం అయ్యాక 'దీనికి గొంతు లేదు' అన్నాడు. దొర మండిపోయాడు. 'ఊదడం రానివాడు వాద్యాన్ని తిట్టాడట' అని లాక్కుని, పళ్ళెంలోది తగిలించి ఊదాడు. ఆ తర్వాత సంగతి మీకు తెలుసు."

"దొర ఊదుతాడని మీరు అనుకున్నారా?"

ఈ ప్రశ్నకు దొర కొడుకు రోజర్ జవాబు చెప్పాడు. కిటికీకి ఆనుకుని నిలబడ్డ ఆ కుర్ర దొర ముఖంలో దుఃఖం కంటే చిరాకే ఎక్కువ కనబడింది. "ఇంటికి ఎవరొచ్చినా చివర్లో ఆ పాముతలతో వేటకూత ఊది చూపించడం నాన్నకు అలవాటు. మామూలుగా ఆయన తప్ప ఇంకెవరూ దాన్ని ఊదకూడదు, ఆ రోజు అమ్మకం కోసమే రామానుజానికి ఇచ్చారు. నిజం చెప్పాలంటే జలుబు చేసిన ఆవులా ఉండేది. ఈ ఇంట్లో అందరికీ తెలుసు."

"రామానుజం ఊదడానికి ముందు ఈ హాల్లోకి ఎవరెవరు వచ్చారు?"

"నేను వచ్చాను, జీన్ వచ్చాడు. రామానుజం చాలాసేపు ఒంటరిగా కూర్చున్నాడు. పనిమనిషి టీ తెచ్చింది." రోజర్ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "సన్యాసీ! ముత్యాలమ్మను రమ్మను!"

గుర్రపుబండి తోలే ముసలాయన లోపలికి కేకేశాడు. కాసేపటికి ముత్యాలమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. మోకాళ్ళ నొప్పులేమో, ఒక్కో అడుగు బరువుగా వేస్తోంది. ముఖం మాత్రం రాయిలా ఉంది.

"ఈ ఇంట్లో ఎన్నాళ్ళ నుంచి పనిచేస్తున్నావమ్మా?" అని తెలుగులో అడిగాడు అప్పలస్వామి.

"రెండేళ్ళయినాది బాబూ. అంతకు ముందు కాంప్ ద మాస్క్ తోటలో ఉండేదాన్ని."

"పెళ్ళయిందా?"

"నేదు బాబూ. నాకు పెళ్ళేటి!"

"ఆ పొద్దున మౌత్‌పీసు తోమింది నువ్వేనా?"

"నేనే. ఇబూది ఎట్టి తోమినాను. తోమి పల్లెంలో ఎట్టేసి ఎల్లిపోయినాను. ఆ తరవాత ఎవుళ్ళొచ్చినారో నాకు తెల్దు. మా గుర్రాలాయన్ని అడగండి, వరండా కాడే ఉన్నాడు."

"రామానుజం పాముతలను ఊదుతుంటే విన్నావా? ఎలా ఉంది?"

అంతవరకూ కదలని ఆ రాతిముఖం కాస్త వంకరపోయింది. "అదేటి ఊదడం బాబూ! ఆ పాముతల అలగ మూలుగుతాదేటి? గుండెలోనించి లెగాల దాని గొంతు. గొడ్డు పొర్లినట్టు ఊదితే ఏటి పలుకుతాది?"

"సరే, వెళ్ళమ్మా."

ఆవిడ వరండాలోకి వెళ్ళి "గుర్రాలాయనా, బాబులు నిన్ను రమ్మంటన్నారు" అని చెప్పి, మోకాళ్ళు పట్టుకుంటూ వంటింటి వైపు పోయింది. వీరాస్వామికి ఇందులో రాసుకోదగ్గ మాట ఒక్కటీ కనపడలేదు. గురువుగారు మాత్రం చెవి వెనక గోక్కుంటున్నారు. అది శుభసూచకం.

బండివాడు సన్యాసి సరదా మనిషి. ఎవరైనా అడగడమే తడవు, మాటల మూట విప్పేస్తాడు.

"ఆ పాముతల గొంతు నేనెప్పుడూ సరిగ్గా ఇన్లేదు బాబూ, దొర కూతలు తప్ప. దాన్ని పలికించినోడు ఒక్కడేనంట. నేనీ తోటకి రాకముందు మాట. ఆడి పేరూ నా పేరే, సన్యాసి. అప్పుడు దొరకి కూలీలతో ఒక బ్యాండు ఉండేదంట. సన్యాసి ఊదితే పడుకున్న గుర్రాలు లెగిసి నిలబడేవంట."

"ఏమయ్యాడు?"

"పండగనాడు దొరలంతా వొచ్చినారు. ముందు మా దొర ఊదినాడు, తరవాత సన్యాసి ఊదినాడు. సన్యాసికే ఎక్కువ సప్పట్లు కొట్టినారంట. ఆ సాయంత్రమే మెట్ల కాడ నోరు పగిలి పడున్నాడు. పళ్ళు ఊడిపోయి, పుండు పడి, జొరం వొచ్చి సచ్చిపోయినాడు. కొందరు దొరే తన్నినాడన్నారు. పక్కనున్నోడు అదే బ్యాండులో ఊదే రామానుజం ఒక్కడే. కోర్టులో ఆడు 'కాలు జారి మెట్ల మీంచి బోర్లా పడ్డాడు' అని సాచ్చికం సెప్పేసినాడు. దాంతో కేసు ఎగిరిపోయినాది. ఆ తరవాతే గదా దొర సిఫారసుతో రామానుజానికి పట్నంలో సోటు దొరికినాది."

"సన్యాసికి పెళ్ళాం ఉండేదా?"

"ఉండేదంట. ఎటో ఎల్లిపోయినాది. ఎవుళ్ళకి పట్టినాది బాబూ!"

*

పోలీసు ఠాణా నడిచివెళ్ళేంత దూరంలోనే ఉంది. ఊచల వెనక రామానుజం నలభై ఏళ్ళ మనిషి, ఒక్క రోజులో అరవై ఏళ్ళవాడిలా తయారయ్యాడు.

"మురికని ఎందుకన్నావు?" అని అడిగాడు అప్పలస్వామి.

"మరేమనాలి బాబూ? ఎంగిలి! ఆ దొర ఎన్నేళ్ళుగా నోట్లో పెట్టుకున్నదో! తోమితే ఎంగిలి పోతుందా? కుర్రతనం నుంచీ పరాయివాళ్ళ మౌత్‌పీసు నేను నోట పెట్టలేదు. మా అమ్మ చేతిలో చెయ్యి వేసి ఒట్టేశాను. ఎంగిలిని క్రియోల్‌లో ఏమంటారు? ఆ మాట వాళ్ళకు లేదు. 'సాల్' అన్నాను. సాల్ అంటే మురికి అని రాసేసుకున్నారు."

వీరాస్వామి నోరు తెరిచాడు. ఒక మనిషి మెడ, ఒక భాషలో లేని మాటకు వేలాడుతోందన్న సంగతి అప్పుడు గానీ అతనికి తట్టలేదు.

"సన్యాసి ఎలా చనిపోయాడు?" అన్నాడు అప్పలస్వామి, అదే గొంతుతో.

రామానుజం ఉలిక్కిపడ్డాడు. "ఏ సన్యాసి... ఓ, అతనా. కాలు జారి మెట్ల మీంచి బోర్లా పడ్డాడు."

ఠాణా మెట్లు దిగుతూ అప్పలస్వామి అన్నాడు: "నిజం చెప్పేవాడు చెప్పిన ప్రతిసారీ నాలుగు మాటలు మారుస్తాడు, వీరాస్వామీ. ఇన్నేళ్ళయినా అక్షరం మారలేదంటే అది బట్టీపట్టినదే. ఇలాంటివి కోర్టులో నేను వందలు తర్జుమా చేశాను."

"అయితే ఇతనే హంతకుడా గురువుగారూ?"

"కాదు. కానీ ఇతన్ని కాపాడుతున్నానంటే నాకే ఒళ్ళు మండుతోంది."

*

మర్నాడు మధ్యాహ్నం అందరూ సంగీతం హాల్లో చేరారు. రోజర్, జీన్ కుర్చీల్లో కూర్చున్నారు. తలుపు దగ్గర ముత్యాలమ్మ, బండివాడు సన్యాసి నిలబడ్డారు. బేడీలతో రామానుజాన్ని తెచ్చారు. గోడవారగా బాలమ్మ, మొగుడి మీంచి చూపు తిప్పకుండా ఉంది.

అప్పలస్వామి పాముతల ట్రాంబోన్‌ను చేతికి తీసుకున్నాడు. "ముందు ఒక పరీక్ష. ఇన్‌స్పెక్టర్ గారూ, ఈ మౌత్‌పీసు ఇప్పుడు శుభ్రమేనా?"

"దాంట్లో నేను టీ తాగగలను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. మాట నిరూపించడానికి తీసుకుని ఒకసారి ఊదాడు కూడా. దూడ అరిచినట్టు వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

"రామానుజం, విషం లేదని చూశావుగా. దీంతో ఒక్క స్వరం ఊదు. ఊదకపోతే హంతకుడివి నువ్వేనని నేనే ఒప్పుకుని వెళ్ళిపోతాను."

రామానుజం ట్రాంబోన్ పట్టుకున్నాడు. నోటి దాకా తెచ్చాడు. ముఖమంతా చెమట. బాలమ్మ "ఊదండి, నా తండ్రే, ఊదండి!" అని ఏడ్చింది. పెదాలు మాత్రం ఆనలేదు. చివరికి ట్రాంబోన్ బల్ల మీద పెట్టేశాడు. "నా వల్ల కాదు బాబూ. ఈ పోలీసు దొర ఇప్పుడే నోట్లో పెట్టుకున్నాడు."

"చూశారా?" అన్నాడు అప్పలస్వామి ఇన్‌స్పెక్టర్‌తో. "విషం ఉన్న రోజూ ముట్టలేదు, లేని రోజూ ముట్టలేదు. ఉరితాడు చూపించినా ముట్టలేదు. అతను చెప్పింది మురికి అని కాదు, ఎంగిలి అని. ఒకరి నోటికి తగిలింది ఇంకొకరు నోట పెట్టకూడదన్న మాట అది. ఎంత తోమినా, ఎంత ఉడకబెట్టినా మా మనసులోంచి పోదు. మీ భాషలో ఆ మాట లేకపోవడం అతని నేరం కాదు."

ఇన్‌స్పెక్టర్ మౌత్‌పీసును మళ్ళీ ఒకసారి చూసి, రుమాలుతో పెదాలు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు ఆలోచించండి. ఈ హత్య దొర కోసమే పన్నింది. కానీ ఆ రోజు ముందుగా ఊదాల్సినవాడు రామానుజం. ఎంగిలి సంగతి తెలియనివాడు ఎవడైనా, రామానుజం పళ్ళెంలోదే తగిలించుకుంటాడనుకుంటాడు. అప్పుడు ముందు పడిపోయేది అతనే, దొర జాగ్రత్తపడిపోతాడు. కాబట్టి మిస్యే రోజర్ కాదు, మిస్యే జీన్ కాదు. పైగా అమ్మేవాడు పోతే కొనేవాడికి దక్కేది సున్న. విషం పెట్టినవాళ్ళకు రెండు సంగతులు తెలుసు. రామానుజం పరాయి మౌత్‌పీసు చచ్చినా ముట్టడని ఒకటి. ముట్టకుండా ఊదితే పాముతల పలకదు, దొరకు రోషం వచ్చి తనే లాక్కుని ఊదుతాడని రెండోది. అంటే మా తెలుగువాళ్ళే. అందులోనూ రామానుజాన్ని కుర్రతనం నుంచీ ఎరిగినవాళ్ళు."

బండివాడు సన్యాసి ఒక అడుగు ముందుకొచ్చాడు. "బాబూ, ఆ నాడు నేను ఈ మేడ గడప తొక్కనేదు..."

"నువ్వు కాదులే. పాముతల గొంతు నువ్వు వినలేదన్నావు, రామానుజం తోట వదిలాకే వచ్చావు. ఇంకొకరు మాత్రం అది మూలుగుతుందేమిటి, దాని గొంతు గుండెలోంచి లేవాలి అన్నారు. రెండేళ్ళ కిందట వచ్చిన మనిషి, జలుబు చేసిన ఆవు కూత తప్ప ఏదీ వినే వీలు లేని మనిషి, అది పలికితే ఎలా ఉంటుందో ఎక్కడ విన్నట్టు? ఇన్‌స్పెక్టర్ గారూ, నాలుకా పెదాలూ మొద్దుబారాయంటే అది వసనాభి అనే విషపు వేరు. నాటువైద్యులు కీళ్ళనొప్పులకు పైపూతగా ఇస్తారు."

అందరి కళ్ళూ ముత్యాలమ్మ వైపు తిరిగాయి. ఆవిడ కొంగు సర్దుకుంది. "పాట బాగుందో నేదో సెప్పడం నేరమా బాబూ? మోకాల్నొప్పులు తోటలో సగంమందికున్నాయి."

"నేరం కాదమ్మా. నిన్ను ఒక్కటే అడుగుతాను. చెబితే నీకు క్షమాపణ చెప్పి వెళ్ళిపోతాను. ఈ బండి తోలే ఆయన పేరేమిటి?"

"గుర్రాలాయన."

"అది పని. పేరు అడిగాను."

రోజర్ చిరాగ్గా "ఇదేం ప్రశ్న? సన్యాసి!" అన్నాడు. ముత్యాలమ్మ రెప్పలు ఒక్కసారి వాలి లేచాయి.

"ఈ ఇంట్లో అందరూ ఆ పేరు పెట్టే పిలుస్తారు. నువ్వొక్కదానివే పిలవవు. పెళ్ళే కాలేదన్నావు. అయితే చెప్పు తల్లీ. మూడక్షరాలు. నిన్ను ఎవరూ ముట్టుకోరు."

బాలమ్మ చటుక్కున తలెత్తింది. ఆ గదిలో ఈ పరీక్ష ఏమిటో మొదట అర్థమైంది ఆవిడకే. వీరాస్వామికి ఆ తర్వాత అర్థమైంది. ఆ ఒక్క మాట అనేస్తే చాలు, బయటపడుతుంది. అనెయ్యమ్మా, అని లోపల్లోపల మొక్కుకున్నాడు, ఎవరి తరఫున మొక్కుతున్నాడో కూడా చూసుకోకుండా.

ముత్యాలమ్మ నవ్వింది. "అనను. మొగుడి పేరు పోలీసోడి ముందు పడేసి పేణం కొనుక్కుంటానేటి?"

అంతే. ఇక ఆవిడను ఎవరూ అడగనక్కర్లేకపోయింది.

"సప్పట్లు ఎక్కువ కొట్టినారని బూటుకాల్తో తన్నినాడు. వాజ్జం నోట్లో ఉండగానే తన్నినాడు. ఆ మౌత్‌పీసు పళ్ళల్లోకి దిగిపోయినాది. గంజి తాగనేక, మాటాడనేక, నా ఒళ్ళోనే సచ్చిపోయినాడు. ఆయన ప్రాణం తీసిన ముక్క గదా, దాంతోనే తీద్దామనుకున్నాను. ఈ ఇంటికొచ్చినాను, దొరకి కాళ్ళొత్తినాను, తిండెట్టినాను. ఒక్కనాడు నా మొకం సూణ్ణేదు. సూస్తే గదా గుర్తుపట్టడం!" ఆవిడ రామానుజం వైపు తిరిగింది. "ఈడూ సూణ్ణేదు. టీ ఇచ్చినాను. కప్పు తీసుకున్నాడు గానీ తలెత్తనేదు. ఆయనా ఈడూ ఒకే ట్రాంబోన్ మీద నేర్చుకున్నారు. ఆయన ఊదినాక ఈడు సొంత మౌత్‌పీసు మార్చుకునేవాడు. అన్నలాటోడి ఎంగిలి పనికిరాదు గానీ, దొర నేర్పిన అబద్దం నోట్లో ఎట్టుకోడానికి పనికొచ్చినాది. అందుకే ఒకడికి విషం, ఒకడికి తాడు అనుకున్నాను. సగమే అయినాది."

ఇన్‌స్పెక్టర్‌కు అప్పలస్వామి మాటమాటా తర్జుమా చేశాడు. పాత దుబాసీ గొంతు ఈసారి రెండు మూడు చోట్ల తడబడింది. రామానుజం బేడీలు తీసి ముత్యాలమ్మ చేతులకు వేశారు. ఆవిడ చేతులు చాచి వేయించుకుంది.

ఎవరూ అనుకోని పని చేసింది బాలమ్మ. మొగుడి దగ్గరికి పరుగెత్తలేదు. గోడ దగ్గరే నిలబడి అడిగింది.

"పడ్డాడా? తన్నినాడా?"

"అప్పుడు నా వయసెంతని బాలా... దొర..."

"అడిగింది వయసు కాదు."

రామానుజం ట్రాంబోన్ల వైపు చూశాడు, ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు, ఎటూ దారి లేక నేల చూశాడు. "తన్నాడు," అన్నాడు.

ముత్యాలమ్మ కళ్ళు మూసుకుంది. "ఈ మాట ఆ నాడు అనుంటే నేనీ మేడ గడప తొక్కేదాన్ని కాదు. ఆ దొర బతికుండేవోడు," అంది.

"ఈ సంగతి మేజిస్ట్రేటు ముందు చెబుతావా?" అని ఇన్‌స్పెక్టర్ రామానుజాన్ని అడిగాడు. సొంత కేసు తప్పిపోయిందన్న సంతోషంలో ఈ కొత్త చిక్కు అతని లెక్కలో లేదు.

"సెబుతారు," అంది బాలమ్మ. "ఆయన సెప్పకపోతే నేను సెబుతాను. ఈ గదిలో నా సెవుల్తో ఇన్నానని సెబుతాను. రోజూ సెబుతాను. కూడెట్టినప్పుడూ సెబుతాను, నీళ్ళిచ్చినప్పుడూ సెబుతాను."

ముత్యాలమ్మ ఆవిడ వంక మొదటిసారి నిదానంగా చూసింది. పోలీసులు రెక్క పట్టుకుంటే ఒక్క క్షణం ఆగమన్నట్టు మొండికేసి నిలబడింది.

"అయితే ఈడి సంగతి నీకొదిలేసి ఎల్తన్నాను సెల్లీ," అంది.

బాలమ్మ తలూపింది. బేడీలున్నప్పుడు కూడా రామానుజం ముఖంలో అంత భయం వీరాస్వామి చూడలేదు.